అక్షరాల డిజైన్ నేర్చుకుందాం – 5వ పాఠం: బోల్డ్ ఇటాలిక్

పోయిన పాఠంలో ఇటాలిక్ (చేతిరాతను పోలిన వాలు అక్షరాలు) దగ్గర ఆగాం. ఈసారి దానికి బరువు ఎక్కిద్దాం, అంటే గీతలు లావు చేసి బోల్డ్ చేద్దాం. ఉదాహరణకు జార్జియా ఫాంట్ తీసుకుందాం. డిజైనర్ మాథ్యూ కార్టర్ కంప్యూటర్ తెర కోసమే గీసిన సెరిఫ్ (గీతల కొసల్లో చిన్న అడ్డగీతలుండే ఫాంట్) ఇది. మైక్రోసాఫ్ట్ 1996లో విడుదల చేసింది. మామూలు, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్, నాలుగూ విడివిడిగా గీసినవే.

వర్డ్ తెరిచి జార్జియాలో ‘ఫ్యామిలీ’ అన్న మాటను చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి. సైజు 72. కింద ఇంకోసారి అదే మాట కొట్టండి. మొదటిదానికి బోల్డ్, రెండోదానికి బోల్డ్, ఇటాలిక్ రెండూ పెట్టండి. ఇప్పుడు ‘ఏ’ ఒక్కటే చూడండి. బోల్డ్‌లో పైన ఒక వంపు, కింద పొట్ట ఉన్నాయి. బోల్డ్ ఇటాలిక్‌లో పై వంపు మాయమై, చేత్తో రాసినట్టు పొట్ట మాత్రమే మిగిలింది. ‘ఎఫ్’ తోక లైను కిందికి దిగింది. బోల్డ్‌ను పక్కకు వంచినంత మాత్రాన ఇవి రావు.

వంచితే ఎలా ఉంటుందో చూడాలంటే మన తెలుగు ఫాంట్ గౌతమిలో ‘కలం’ అని కొట్టి ఇటాలిక్ నొక్కండి. తెలుగు ఫాంట్లలో చాలావాటికి అసలు ఇటాలిక్ ఉండదు, సాఫ్ట్‌వేరే వాల్చేస్తుంది. ముందే వాలి ఉన్న తలకట్టు ఇంకా పక్కకు ఒరిగిపోతుంది.

ఇటాలిక్ కలం రాతలోంచి పుట్టింది. 1500 ప్రాంతంలో వెనిస్‌లో ప్రచురణకర్త ఆల్డస్ మనూషియస్ అచ్చు పుస్తకాల కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో దాన్ని చెక్కాడు. బోల్డ్ వచ్చింది 19వ శతాబ్దంలో, కేకలేసే ప్రకటనల కాలంలో. అందుకే రెంటికీ పొత్తు కుదర్చడం కష్టం: ఇటాలిక్ ఇరుకు కోరుతుంది, బోల్డ్ చోటు కోరుతుంది. గీతలన్నీ ఒకేలా లావు చేస్తే లోపలి ఖాళీలు పూడిపోతాయి. కాబట్టి నిలువు గీతలకే బరువిచ్చి, కలిపే గీతల్ని సన్నగా ఉంచాలి.

ఎక్కడ వాడాలి? బోల్డ్ శీర్షిక లోపల ఇటాలిక్ అవసరమైనప్పుడు. ఇంగ్లిష్ వ్యవసాయ బులెటిన్ శీర్షికలో వరి శాస్త్రీయ నామం ‘ఒరైజా సటైవా’ వస్తే అది బోల్డ్ ఇటాలిక్కే కావాలి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో థీసిస్ రాసేవాళ్లకు మూడో స్థాయి ఉపశీర్షిక కూడా ఇదే. పేరాలకు పేరాలు మాత్రం వద్దు. పెళ్లికార్డులో ఇంగ్లిష్ వైపంతా ఇందులోనే కొట్టిస్తే ముహూర్తం టైమ్ వెతుక్కోవాల్సిందే!

ఇంటిపని: గ్రాఫ్ కాగితం మీద చిన్న ‘ఎన్’ గీయండి. ఎత్తు 10 గళ్లు, నిలువు గీత మందం 3, మధ్య ఖాళీ 3. ప్రతి 5 గళ్ల ఎత్తుకూ ఒక గడి కుడికి వాల్చండి. వంపు మొదటి గీత సగం ఎత్తులోంచి, గడికన్నా సన్నగా బయల్దేరాలి. గీశాక కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకోండి. వంపు బయల్దేరిన మూల నల్లగా ముద్దలా కనిపిస్తే తెల్ల పెయింట్‌తో లోపలికి ఇంకాస్త కోయండి. వచ్చే పాఠంలో దీని పక్కన ‘ఓ’ పెట్టి ఖాళీలు సర్దుదాం.