జూనియర్ సైకిల్ రోడ్ రేసుకు ముందు జట్టు చూసుకోవాల్సినవి

17, 18 ఏళ్ల రైడర్లు స్టార్ట్ లైన్‌కి వెళ్లేలోపు:

మనవాడు బ్రేక్‌లో, అంటే గుంపును వదిలి ముందుకెళ్లిన వాళ్లలో ఉంటే, గుంపు ముందుకొచ్చి మనం వేగం పెంచకూడదు. రేసులు ఎక్కువగా చేజారేది ఇక్కడే. అవతలి జట్టువాడు ముందుకు దూకితే వాడి వెనక చక్రానికి దగ్గరగా అంటిపెట్టుకుని వెళ్లండి, ముందుకొచ్చి లాగే వంతు మాత్రం తీసుకోకండి. గాలిని చీల్చే కష్టం వాడిది, మీ కాళ్లు తాజాగా ఉంటాయి.

ఎవరి కోసం తొక్కుతున్నారో ముందురాత్రే తేల్చండి. జూనియర్లకు చెవిలో రేడియో ఉండదు కాబట్టి రోడ్డు మీద ఎవరి మాట చెల్లాలో కూడా అప్పుడే. స్ప్రింటర్‌కి (ముగింపులో వేగంగా దూకేవాడికి) ఆ రోజు కాళ్లు బాగాలేకపోతే దాచకుండా చెప్పాలి. ఇది పిల్లలు అస్సలు చెప్పరు, కోచ్ అడగాలి.

అడ్డగాలి వీచే చోట్లు మ్యాపులో గుర్తుపెట్టుకోండి. గాలి ఎడమ నుంచి వస్తే ముందువాడి వెనక, కాస్త కుడివైపు ఉండాలి. ఇలా ఏటవాలుగా నిలిచే వరుసకి రోడ్డు వెడల్పు పది మందికే చాలితే పదకొండోవాడు అంచున గాలికి దొరికిపోతాడు. అందుకే అడ్డగాలి మొదలయ్యే చోటుకి ముందే మొదటి పది మందిలోకి చేరండి.

ముందువాడి వెనక చక్రం పక్కకి మీ ముందు చక్రం చొరనివ్వకండి. వాడు కాస్త జరిగినా పడేది మీరే.

జట్టంతా ఒకే రకం చక్రాలు: యాక్సిల్ (ఇరుసు), బ్రేక్ డిస్క్ సైజు, క్యాసెట్ (వెనక గేర్ల పళ్లచక్రాలు). పంక్చరైతే లీడర్‌కి మీ చక్రం ఇవ్వాలి కదా.

దిగుడులో టాప్‌ట్యూబ్ (సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య పై గొట్టం) మీద కూర్చోవద్దు, 2021 నుంచి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) నిషేధం.

ముగింపు గీతకి 200 మీటర్ల దూరంలో స్ప్రింటర్‌ని ముందుకు వదలండి. ఎదురుగాలైతే ఇంకా ఆలస్యంగా.