ఉగాదికి కోబ్రా బయటికి తీస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

డాలస్‌లో చలి తగ్గిపోయింది. డిసెంబర్‌లో కవర్ కప్పి గరాజ్‌లో పెట్టిన షెల్బీ కోబ్రా స్పోర్ట్స్ కారుని ఎప్పుడు బయటికి తీద్దామా అని మన వాళ్లలో కొంతమందికి చేతులు దురద పెడుతుంటాయి, నాకూ అంతే. కానీ ఈ కార్లతో ఎక్కువ ఇబ్బందులొచ్చేది ఈ మొదటి రెండు మూడు వారాల్లోనే. బండి మూడు నెలలు కదల్లేదు, మన కాలు మూడు నెలలుగా క్యామ్రీకో టెస్లాకో అలవాటు పడింది, రోడ్డు పొద్దున పూట ఇంకా చల్లగానే ఉంటుంది. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో నేను నా మొదటి ఏడాదే చూశాను.

నాది అసలు కోబ్రా కాదు, కిట్ తెప్పించుకుని రెండేళ్ల పాటు శని, ఆదివారాలు కూర్చుని బిగించుకున్న రెప్లికా, అంటే అచ్చం అసలుదానిలా చేసిన నకలు. 1960లలో తయారైన అసలువి మొత్తం కలిపి వెయ్యి దాకా ఉంటాయంతే. వాటిలో మొట్టమొదటిది, సీఎస్ఎక్స్ 2000 నంబరుది, 2016లో మాంటెరే వేలంలో కోటీ ముప్ఫై ఏడున్నర లక్షల డాలర్లు పలికింది. మనబోటి వాళ్లం నడిపేవి దాదాపు అన్నీ రెప్లికాలే. ధర దగ్గర తేడా ఉంది గానీ ప్రమాదం దగ్గర ఏ తేడా లేదు. అదే పొట్టి చాసిస్, అదే పెద్ద వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, అదే పక్క సైలెన్సర్లు.

ఈ బండి ఇలా ఎందుకుందో తెలిస్తే జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి. క్యారల్ షెల్బీ మన టెక్సాస్ మనిషే, 1923లో లీస్‌బర్గ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే గుండె జబ్బు. కోళ్ల ఫారం పెట్టి నష్టపోయి, ఆ తర్వాత రేసుల్లోకి వచ్చి, 1959లో రాయ్ సాల్వడోరితో కలిసి ఆస్టన్ మార్టిన్ మీద ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసు గెలిచాడు. నాలుక కింద నైట్రోగ్లిజరిన్ మాత్ర పెట్టుకుని రేసులు నడిపిన మనిషి, 1960లో ఆ గుండె వల్లే మానేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో ఏసీ కంపెనీ వాళ్ల ఏస్ అనే తేలికపాటి కారుకి ఇంజన్ సరఫరా ఆగిపోతోందని తెలిసి, 1961లో వాళ్లకి ఉత్తరం రాశాడు, అందులో ఫోర్డ్ వీ8 పెడదామని. 1962 మొదట్లో క్యాలిఫోర్నియాలో తొలి బండి తయారైంది. రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ కోసం గీసిన కారులో మొదట 260, తర్వాత 289, 1965 నుంచి చాసిస్ మార్చి ఏకంగా 427 క్యూబిక్ అంగుళాల (అంటే ఏడు లీటర్ల) ఇంజన్ కూర్చున్నాయి.

ఆ 427 బండి బరువు 1100 కిలోల చిల్లర, కాగితం మీద 425 హార్స్‌పవర్. అంటే మన ఊళ్లో తిరిగే స్విఫ్ట్ కంటే ఓ రెండొందల కిలోలు ఎక్కువ బరువు, అయిదింతల పవర్. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 90 అంగుళాలే. ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. రేసు డ్రైవర్ తనలాంటి డ్రైవర్ల కోసం చేసిన బండి ఇది, జారితే పట్టుకునే పని పూర్తిగా మనదే. షెల్బీ కోబ్రాలు అమ్మడం కంటే ముందు, 1961లోనే, రివర్‌సైడ్ ట్రాక్ దగ్గర డ్రైవింగ్ స్కూల్ పెట్టాడు. ముందు నడపడం నేర్పించాడు, తర్వాతే బండి అమ్మాడు. మనం ఆ వరస తిప్పేశాం, బండి కొనేసి నేరుగా రోడ్డెక్కుతున్నాం.

సరే, గరాజ్ దగ్గర మొదలెడదాం. కవర్ తీయగానే తాళం తిప్పకండి. ముందు వాసన చూడండి. పెట్రోలు వాసన కొంచెం వచ్చినా ఆ రోజు స్టార్ట్ చేసే పని లేదు, ఎక్కడి నుంచి వస్తోందో తేలాకే. ఇక్కడ బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ 10 శాతం దాకా ఉంటుంది, పాతకాలం రబ్బరు పైపుల్ని అది లోపలి నుంచి మెత్తబరిచేస్తుంది. పైకి బాగానే కనిపిస్తుంది, వేలితో వంచి చూస్తే చిన్న చిన్న పగుళ్లు తెలుస్తాయి. అనుమానం ఉన్న ప్రతి పైపూ మార్చేయండి, ఖర్చు ఎంతో అవ్వదు. ఎయిర్ క్లీనర్ మూత తప్పకుండా విప్పండి. రెండేళ్ల క్రితం నాకు అందులో ఎలుక గూడు దొరికింది, ఇన్సులేషన్ దూదీ, కాగితం ముక్కలూ, ఎండు గడ్డీ అన్నీ కలిపి గుప్పెడు. చూడకుండా స్టార్ట్ చేసి ఉంటే కార్బురేటర్ నోటి దగ్గరే అంత ఎండు చెత్త, ఒక్క మంట వెనక్కి తన్నితే చాలు.

ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు ఉన్నవాళ్లు, ఇంజన్ తిప్పకుండా పంపు ఒక్కటే ఆన్ చేసి నిమిషం సేపు కార్బురేటర్ చుట్టూ టార్చి వేసి చూడండి. శీతాకాలమంతా ఎండిపోయి ఉంటే కార్బురేటర్లోకి పెట్రోలు రాకుండా ఆపే ఫ్లోట్ దగ్గరి సూది అతుక్కుపోయి పెట్రోలు పొంగి ఇంజన్ మీద పడుతుంది. అందుకే మొదటి స్టార్ట్‌కి ఇంకో మనిషి పక్కన ఉండాలి, చేతిలో ఏబీసీ పొడి ఉండే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో. బండిలో కూడా ఒకటి ఉండాలి. డిక్కీలో కాదు, సీట్లో కూర్చుని చెయ్యి చాపితే అందే చోట. ఈ రెప్లికాల బాడీ చాలావరకు ఫైబర్‌గ్లాసే కాబట్టి అంటుకుంటే మనకి దొరికే టైం తక్కువ.

ఇంకోటి, చాలామంది తేలిగ్గా తీసుకునేది. ఇక్కడ మన ఇళ్లన్నిటికీ గరాజ్ ఇంటికి అతుక్కునే ఉంటుంది. షట్టర్ సగం తెరిచి లోపలే ఇంజన్ వేడెక్కిస్తుంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. వంటింట్లోకీ, పైన పిల్లల గదిలోకీ వచ్చినా తెలియదు. పాత ఇంజన్లకి పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఉండదు. బండిని చేత్తో తోసుకుని డ్రైవ్‌వేలోకి తెచ్చాకే స్టార్ట్ చేయండి, తేలిక బండే, ఇద్దరు చాలు.

యాక్సిలరేటర్ సంగతి కాస్త ఆగి చెప్పాలి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పెడల్ పూర్తిగా తొక్కి ఒక్కసారి వదలండి. టక్కున వెనక్కి రావాలి. మెల్లగా వచ్చినా, సగంలో ఆగి తర్వాత వచ్చినా ఆ బండి రోడ్డెక్కకూడదు. తుప్పు, పాత గ్రీజు, కార్పెట్ అంచు, ఎయిర్ క్లీనర్ కింద తగులుకునే లింకేజ్, వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. అదనంగా ఇంకో స్ప్రింగ్ వేయించుకోండి. ఒకవేళ నడుస్తుండగా ఇరుక్కుపోతే ముందు క్లచ్ తొక్కాలి, వెంటనే ఇగ్నిషన్ ఆపాలి. ఇంజన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి. అప్పటికప్పుడు ఆలోచించే టైం ఉండదు కాబట్టి ఇంట్లో కూర్చుని పది సార్లు చేసి చూసుకోండి.

ఇక టైర్లు. నా మొదటి ఏడాదే చూశానన్నాను కదా, ఆ కథ ఇదే. నేను బండి పూర్తి చేసిన మొదటి మార్చిలో ఓ ఆదివారం పొద్దున ఏడింటికి తీశాను. టైర్లు వేరే కోబ్రా నుంచి కొన్నవి, నల్లగా నిగనిగలాడుతున్నాయి, గాడులన్నీ లోతుగా ఉన్నాయి, కొత్తవే అనుకున్నాను. హైవే పక్కనుండే ఫ్రంటేజ్ రోడ్డు మీంచి హైవే ర్యాంప్ ఎక్కుతూ మలుపులో, సెకండ్ గేర్లో, మామూలుగా నా రోజువారీ కారులో తొక్కినంతే తొక్కాను. వెనక భాగం కదిలింది. కంగారుపడి కాలు ఒక్కసారిగా తీసేశాను, అదే పెద్ద తప్పు. బరువంతా ముందుకి పోయి, వెనక చక్రాలకి ఉన్న కాస్త పట్టూ పోయి, బండి బొంగరంలా తిరిగి నేను వచ్చిన వైపే చూస్తూ ఆగింది. వెనక ఎవరూ రాకపోబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను. చేతులు వణుకుతుంటే పక్కకి తీసి దిగి టైరు మీద చూశాను. డీఓటీ అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా టైర్ల వయసు తొమ్మిదేళ్లు. గోరుతో గుచ్చితే దిగలేదు, ప్లాస్టిక్‌లా గట్టిపడిపోయాయి.

అందుకని గాడుల లోతు చూసి మోసపోకండి, ఆ అంకెలు చూడండి. ఈ బండికి ఆరేళ్లు దాటితే మార్చేయమనే నా మాట. ఇంకా నాలుగు వేల మైళ్లు కూడా తిరగలేదు కదా అని ప్రాణం ఒప్పదు, నాకూ ఒప్పలేదు. పైగా ఈ బళ్లకి వేసేవి ఎక్కువగా వేసవి టైర్లు, 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలిగా ఉంటే వాటి రబ్బరు పట్టు బాగా తగ్గిపోతుంది. పొద్దున ఏడింటికి కాకుండా పదకొండింటికి బయల్దేరండి. గాలి కూడా కొలిచి చూసుకోండి, తక్కువుంటే చెప్పడానికి ఈ బండికి సెన్సర్ ఉండదు.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాల్సిందే, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, వేడెక్కితే ఆ నీళ్లు ఆవిరై పెడల్ నేలకి తగులుతుంది. స్పిన్నర్‌తో (మధ్యలో ఉండే ఒకే పెద్ద నట్టుతో) బిగించే చక్రాలైతే కుడి వైపు బిగించే దిశ, ఎడమ వైపు దిశ ఒకటి కావు. విప్పే దిశకి బాణం గుర్తు దాని మీదే ఉంటుంది, చూసి మెత్తటి సుత్తితో కొట్టండి, పాతిక మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి కొట్టి చూడండి. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (పాతకాలం రకం క్యామ్‌షాఫ్ట్) ఉన్న ఇంజన్లకి జింక్ ఉన్న ఆయిల్ పోయాలి, మామూలు కారు ఆయిల్ కాదు.

ఉగాది రోజు అసోసియేషన్ వేడుకకి ఈ బండి తీసుకెళ్దామనుకుంటున్నవాళ్లు ఇది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. పక్క సైలెన్సర్ సరిగ్గా తలుపు కింద, మన పిక్క ఎత్తులో ఉంటుంది. కాసేపు నడిపితే చాలు, తగిలిన చోట చర్మం ఊడొచ్చేంత కాలుతుంది. కోబ్రా ఓనర్లు దీన్ని పాము కాటనే అంటారు, దాదాపు ప్రతి ఒక్కరి పిక్క మీదా ఓ మచ్చ ఉంటుంది. మనకి అదనంగా చీరలూ, లంగా ఓణీలూ ఉన్నాయి. జార్జెట్, పాలిస్టర్ లాంటివి మంటే అక్కర్లేకుండా కరిగి కాలికి అతుక్కుంటాయి. ఇంజన్ ఆపేసి అరగంటైనా ఆ పైపు వేడిగానే ఉంటుంది, కానీ చూడటానికి చల్లగా మెరుస్తుంటుంది. ఫోటో కోసం పిల్లలు పరిగెత్తుకొచ్చేది సరిగ్గా అక్కడికే. నేను రెండు చిన్న కోన్లు తీసుకెళ్లి రెండు వైపులా పెడతాను, మొహమాటపడకుండా "అమ్మా, ఇటు రాకండి, కాలుతుంది" అని గట్టిగానే చెప్తాను. దిగేటప్పుడు కాలు బాగా దూరంగా చాపి నేల మీద పెట్టాలి, ఎక్కించుకునే ముందే ఒకసారి చేసి చూపించండి.

కాలితే కుళాయి కింద చల్లటి నీళ్ల ధారలో ఇరవై నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, పసుపు, ఐసు ఏమీ పెట్టొద్దు. బట్ట అతుక్కుని ఉంటే లాగకండి, ఆస్పత్రికి వెళ్లండి. చిన్నపిల్లల్ని మాత్రం ఎంత ఏడ్చినా ఒళ్లో కూర్చోబెట్టుకుని రౌండు కొట్టొద్దు. ఉన్నవే రెండు సీట్లు, పిల్లల సీటు అందులో సరిగ్గా కూర్చోదు. చున్నీ, పైట కొంగు గట్టిగా దోపుకుని, బెల్టు పెట్టుకున్నాకే బండి కదలాలి.

ప్రమాదానికి ఎక్కువ చాన్స్ ఉండేది వేడుకకి వచ్చేటప్పుడు కాదు, అక్కణ్నుంచి తిరిగి వెళ్లేటప్పుడు. జనం ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉంటారు, ఎవరో ఒకరు "అన్నా, ఒక్కసారి తొక్కన్నా" అంటారు. అక్కడ తొక్కితే వెనక భాగం జనం వైపే జారుతుంది. నవ్వి, చెయ్యి ఊపి, ఫస్ట్ గేర్లో మెల్లగా వచ్చేయండి. ఎవరేమన్నా అనుకోనివ్వండి.

మలుపులో వెనక భాగం కదిలితే కాలు ఒక్కసారిగా తీయొద్దు, బ్రేకు తొక్కొద్దు. బండి ఎటు వెళ్లాలో అటే చూస్తూ స్టీరింగ్ జారిన వైపుకి తిప్పి, కాలు కొద్దికొద్దిగా సడలించాలి. చదివితే రాదిది. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ల ఆటోక్రాస్‌కి ఒక రోజు వెళ్లండి, ఖాళీ స్థలంలో కోన్ల మధ్య తిరిగితే మహా అయితే ఓ కోను పడుతుంది. 1964లో డాన్ గర్నీతో కలిసి కోబ్రా డేటోనా కూపే మీద లె మాన్స్‌లో జీటీ క్లాసు గెలిచిన బాబ్ బాండురాంట్, 1967లో ఘోరమైన ప్రమాదం నుంచి బతికి బయటపడి, మరుసటి ఏడాదే సొంత డ్రైవింగ్ స్కూల్ పెట్టాడు. అంత నడిపినవాళ్లే నేర్చుకోవాల్సిన విద్య అన్నారు, మనకి సిగ్గెందుకు?

ఇక్కడ మార్చి నుంచి మే దాకా వడగళ్ల వానలు చెప్పి రావు. మబ్బు కనిపిస్తే తీయకండి. దారిలో పట్టుకుంటే ఏదైనా కప్పు కింద ఆగిపోండి, వాన మొదలైన కాసేపు రోడ్డు మీద పేరుకున్న ఆయిల్ తేలి ఇంకా ఎక్కువ జారుతుంది.

తిరిగొచ్చాక కవర్ వెంటనే కప్పొద్దు. షట్టర్ తెరిచే ఉంచి, నేల మీద ఏమైనా కారిందేమో టార్చి వేసి చూసి, గంట పోయాక సైలెన్సర్‌కి అరచెయ్యి వెనక వైపు తగలకుండా దగ్గరగా పెట్టి చూడండి. సెగ తెలియకపోతే అప్పుడు కప్పేయొచ్చు.