పొగాకు బ్యారన్‌కు తొలి నిప్పు పెట్టకముందు: గొట్టాలు, పొగగొట్టం విషయంలో జాగ్రత్తలు

కొండపి, టంగుటూరు, పొదిలి, కనిగిరి ప్రాంతాలలోను, నెల్లూరు జిల్లాలో కలిగిరి, డి.సి.పల్లి వైపున అక్టోబరు, నవంబరు నెలల్లో నాటిన వర్జీనియా పొగాకు సంక్రాంతి రోజులకు రెలుపుకు, అంటే ఆకు కోతకు, వస్తుంది. ఒకసారి ఆకు రెలవడం మొదలైతే కూలీల కోసం తిరగడం, ఆకును కర్రలకు కట్టడం, దానిని వేడితో ఆరబెట్టే గది అయిన బ్యారన్‌కు ఎక్కించడం తప్ప రైతుకు మరో ధ్యాస ఉండదు. కాబట్టి బ్యారన్ పొయ్యి, దాని వేడిని, పొగను గది లోపల తిప్పే ఇనుపరేకు గొట్టాలు, పొగగొట్టం సరిచూసుకునే పని డిసెంబరులో వానలు వెనకపట్టిన వెంటనే పూర్తి కావాలి.

బ్యారన్ తగలబడినప్పుడల్లా ఆకు జారి గొట్టం మీద పడిందని చెప్పుకుంటాము. అది చాలా సందర్భాలలో నిజమే. అయితే గొట్టం లోపల పేరుకున్న మసి అంటుకోవడం కూడా అంతే ప్రమాదకరమైన కారణమని, దానిని మనం తగినంతగా పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం. అది ఎలా జరుగుతుందో తెలిస్తే జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి. ఆకు పసుపు రంగుకు తిరిగే తొలి దశలో బ్యారన్‌లో వేడి 95 నుంచి 105 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు మాత్రమే ఉండాలి కనుక, చాలామంది లావాటి మొద్దులు పొయ్యిలో పెట్టి, గాలి దారి మూసి, మంట లేకుండా రాజబెడతారు. అలా రాజుకునే కట్టె పూర్తిగా కాలదు. దాని పొగలోని తారు, నీటి ఆవిరి పొడవాటి గొట్టాలలో ప్రయాణిస్తూ చల్లబడి, లోపలి గోడలకు జిగురులా అంటుకొని గట్టిపడతాయి. నాలుగైదు రోజుల తరువాత ఈనె ఆరే దశలో వేడిని సుమారు 160 డిగ్రీలకు పెంచడానికి పెద్ద మంట వేసినప్పుడు, తొలి రోజుల్లో పేరుకున్న ఆ తారే ఇంధనమై మండుతుంది. రేకు ఎర్రబడుతుంది, అతుకులు విడిపోతాయి, పైన పెళపెళలాడే ఎండుటాకు ఉంటుంది.

శుభ్రం చేసేటప్పుడు గొట్టాలను విప్పకముందే సుద్దతో వరుస అంకెలు వేసుకుంటే తిరిగి బిగించేటప్పుడు అతుకులు సరిగ్గా కూర్చుంటాయి. పొడి మసి కొబ్బరి ఈనెల చీపురుకు రాలిపోతుంది కాని, నల్లగా మెరుస్తూ పెంకు కట్టిన తారును ఇనుప తీగల బ్రష్‌తో గీకవలసిందే. మసి మందం 3 మిల్లీమీటర్లకు చేరితే ఇక ఆలస్యం చేయకూడదు. వంపుల దగ్గర, పొగగొట్టం నిటారుగా లేచే మొదటి మూలలో ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి అక్కడ చేయి పెట్టి మరీ చూసుకోవాలి. ముక్కుకు, నోటికి గుడ్డ, కళ్ళకు అద్దాలు లేకుండా ఈ పని చేయవద్దు. ఎండు తాటాకులు పొయ్యిలో వేసి ఒక్కసారిగా పెద్ద మంట లేపి మసిని కాల్చివేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి దానిని మానుకోండి. పొగగొట్టంలో అంటుకున్న తారు వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడ్ దాటి మండగలదు, ఆ వేడికి ఇటుక పగులుతుంది, పక్కనున్న చూరు అంటుకుంటుంది.

ఈశాన్య రుతుపవనాల వానలు మన తీరం మీదనే ఎక్కువ. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను వంటివి వచ్చిన ఏడాది పొగగొట్టం లోపలికి నీరు దిగి, మసితో కలిసి, రేకును లోపలి నుంచే తినేస్తుంది. పైకి బాగానే కనిపించే గొట్టం వేలితో నొక్కితే లోపలికి పోతుంది. మా బ్యారన్‌లో ఒక ఏడాది శనగగింజంత చిల్లు గమనించకుండా ఆకు ఎక్కించాము. మంట రాలేదు కాని, ఆ చిల్లు పైనున్న కర్రల ఆకంతా పొగవాసన పట్టి, రంగు చెడి, వేలంలో ధర పడిపోయింది. అప్పటి నుంచి మేము రాత్రిపూట తలుపు మూసి, గొట్టం లోపల టార్చిలైటు వేయించి, బయటి నుంచి ఎక్కడ వెలుగు కనిపిస్తుందో చూస్తున్నాము. తుప్పు పట్టిన చోట అతుకు వేయడం కంటే ఆ ముక్కను మార్చడమే మేలు. గొట్టాలు ఒకదానితో ఒకటి కలిసే అతుకులకు బంకమట్టిలో ఇసుక కలిపి మెత్తాలి, అది పూర్తిగా ఆరాలి. ఆ తరువాత ఆకు లేకుండానే కొద్దిగా తడి గడ్డి పొయ్యిలో రాజేసి, తలుపు బార్లా తెరిచి, పొగ ఎక్కడైనా లోపలికి వస్తున్నదేమో చూడండి. పొగ వెనక్కి పొయ్యి నోటి నుంచే వస్తుంటే పైన ఏదో అడ్డం ఉన్నట్లే. పిట్టగూళ్ళు, ఉడుత తెచ్చి నింపిన పీచు పొగగొట్టంలో దొరకడం మామూలే.

కట్టె ఆరనిదైతే ఎంత శుభ్రం చేసినా ఫలితం ఉండదు. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. పొయ్యిలో వేసే కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. సర్వి, జామాయిల్, సర్కారు తుమ్మ ఏదైనా సరే వేసవిలోనే కొట్టించి, మొద్దులను చీల్పించి, నేలకు అంటకుండా పేర్చి, పైభాగం మాత్రం కప్పి పక్కలు గాలికి వదలాలి. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి తడితే ఖంగుమని మోగాలి. కొసలలో పగుళ్ళు కనపడాలి. తొలి దశలో కూడా మొద్దులు కుక్కి గాలి మూయడానికి బదులు, సన్నని ఎండుకట్టెలు కొద్దికొద్దిగా, వెంటవెంటనే వేసి చిన్న మంటను బతికించండి. రాత్రి ఒకరికి నిద్ర తప్పుతుంది, కాని గొట్టం శుభ్రంగా ఉంటుంది. కట్టెల కుప్ప కదిపేటప్పుడు ముందు కర్రతో తట్టండి, కట్లపాము, రక్తపింజరి అక్కడ చేరతాయి.

గొట్టాల పైన తీగవల పరిస్తే జారిన ఆకు నేరుగా రేకును తాకదు. బ్యారన్ నుంచి ఆకు దించిన ప్రతిసారీ ఆ వల మీది ఆకుముక్కలను ఏరివేయాలి. చూరులోంచి పోయే పొగగొట్టానికి తాటాకు, వాసాలు తగలకుండా చుట్టూ ఖాళీ ఉంచాలి. దాని నెత్తిన రేకుటోపీ, నిప్పురవ్వలు ఆపే జల్లెడ ఉండాలి, ఆ జల్లెడకూ మసి పడుతుంది కాబట్టి దానినీ దులపాలి. గడ్డివామిని ఆ గాలివాటంలో పెట్టవద్దు. మూడు నాలుగు సార్లు ఆకు దించిన తరువాత వంపులు మరోసారి విప్పి చూడటం అవసరం.

జనవరి చలికి పొయ్యి దగ్గర పడుకునేవారు పొగ నిలిచే మూసిన చోట, ముఖ్యంగా బ్యారన్ లోపల, ఎన్నడూ పడుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. తలనొప్పి, వికారం, మత్తు వచ్చాయంటే వెంటనే బయటి గాలికి రావాలి, 108కి ఫోన్ చేయాలి.

లోపల మంట కనపడితే ఆకును కాపాడుకోవాలని తలుపు తీయడం సహజమే, కాని తీసిన క్షణాన గాలి అంది మంట రెట్టింపవుతుంది. తలుపు, కింది పై గవాక్షాలు, పొయ్యి గాలి దారి మూసి, మనుషులను దూరం పంపి, 101కి చెప్పండి. ఎర్రగా కాలిన పొయ్యిలో నీళ్ళు గుమ్మరిస్తే లేచే ఆవిరి మనిషిని కాలుస్తుంది. పొయ్యి నిప్పుకు ఇసుక వాడండి, నీళ్ళ డ్రమ్ములు చూరును, పక్క బ్యారన్‌ను తడపడానికి ఉంచుకోండి. ఇసుక కుప్ప, నిండు డ్రమ్ములు తొలి కర్ర ఎక్కించే రోజుకే పొయ్యి పక్కన సిద్ధంగా ఉండాలి.