మెక్సికోలో హస్తకళల సంతకు వెళ్తే ఏం చూడాలి, ఎలా కొనాలి?

మెక్సికో వెళ్ళిన మనవాళ్ళు చాలామంది చివరి రోజు ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందు గంటన్నర టైము దొరికితే హడావుడిగా ఏదో ఒక కొట్టులో దూరి, ఒక పుర్రె బొమ్మ, నాలుగు ఫ్రిజ్ మాగ్నెట్లు కొనుక్కుని వచ్చేస్తారు. అలా చెయ్యకండి. అక్కడి హస్తకళల సంతకు కనీసం ఒక పూర్తి రోజు పెట్టుకోండి, కుదిరితే రెండు. ఇంకో సంగతి ముందే చెప్తాను, వెల అడిగే ముందు "ఇది ఎవరు చేశారు, ఏ ఊరిది?" అని అడగడం అలవాటు చేసుకోండి. ఆ ఒక్క ప్రశ్నతో చాలా మోసాలు తప్పుతాయి, చేసిన మనిషితో నాలుగు మాటలు కలుస్తాయి, పైగా ఇంటికి తెచ్చుకున్న వస్తువు గురించి చెప్పుకోవడానికి ఒక కథ కూడా ఉంటుంది.

ముందు ఊరు, రోజు తేల్చుకోండి

మెక్సికో సిటీలోనే ఉంటే లా సియుదాదేలా మార్కెట్‌కు వెళ్ళండి. 1968 ఒలింపిక్స్ సమయంలో దేశం నలుమూలల నుంచి వచ్చిన కళాకారుల కోసం మొదలైంది, బాల్దెరాస్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. అన్ని ప్రాంతాల సరుకూ ఒకేచోట దొరుకుతుంది గానీ అమ్మేవాళ్ళలో ఎక్కువమంది వ్యాపారులు, చేసినవాళ్ళు తక్కువ. అందుకే అక్కడికి వెళ్ళే ముందు రోజు అలమేదా పార్కు దగ్గర ఉన్న జానపద కళల మ్యూజియం (2006లో తెరిచారు) ఒకసారి చూసి రండి. మంచి పనితనం ఎలా ఉంటుందో కంటికి అలవాటయ్యాక కొట్లలో ఏది ఏమిటో మీకే తెలిసిపోతుంది. చేతిపనివాళ్ళ కోసం ప్రభుత్వం 1974లో పెట్టిన ఫోనార్త్ అనే సంస్థ దుకాణాలు కూడా ఉన్నాయి, అక్కడ బేరం ఉండదు, కానీ ఏ వస్తువు ఎంత పలుకుతుందో ఒక అంచనా వస్తుంది.

నన్నడిగితే మాత్రం దక్షిణ మెక్సికోలోని వాహాకా వెళ్ళమంటాను. మన పల్లెల్లో సోమవారం ఒక ఊళ్ళో, గురువారం ఇంకో ఊళ్ళో సంత జరిగినట్టే వాహాకా లోయలో కూడా వారంలో ఒక్కో రోజు ఒక్కో ఊరిది. బుధవారం ఎత్లా, గురువారం సాచిలా, శుక్రవారం ఒకోత్లాన్, ఆదివారం త్లాకోలూలా. స్పానిష్ వాళ్ళు రాకముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. సంతను వాళ్ళు తియాంగిస్ అంటారు, అది అజ్టెక్కులు మాట్లాడిన నావాత్ల్ భాష నుంచి వచ్చిన మాట.

రెండు రోజులుంటే ఇలా ప్లాన్ చేసుకోండి. శుక్రవారం దక్షిణం వైపు వెళ్ళండి, ఒకోత్లాన్ సంతకు పోయే దారిలోనే నల్ల మట్టి కుండల ఊరు సాన్ బార్తోలో కొయోతెపెక్, చెక్క బొమ్మల ఊరు సాన్ మార్తీన్ తిల్‌కహేతె, నడుముకు కట్టుకునే మగ్గం మీద నేసే సాంతో తోమాస్ హలియేసా వరసగా తగులుతాయి. ఆదివారం తూర్పు వైపు త్లాకోలూలా, దారిలో కంబళ్ళు నేసే తెయోతిత్లాన్ దెల్ వాయె. ఈ ఊళ్ళకు మన షేర్ ఆటోల్లా మనుషులు నిండాక కదిలే కోలెక్తీవో టాక్సీలు తిరుగుతాయి. పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నం దాటితే ఎండ, జనం రెండూ ఎక్కువే.

డబ్బు సంగతి

అమెరికా నుంచి వెళ్ళేవాళ్ళకు మొదట టెన్షన్ పెట్టేది ధర చీటీ మీద ఉండే డాలర్ గుర్తు. మెక్సికన్ పెసోకు కూడా అదే గుర్తు వాడతారు, కాబట్టి చిన్న కంబళి మీద 800 అని ఉంటే అవి పెసోలు. సంతలో నగదే నడుస్తుంది. నగరంలో బ్యాంకు ఏటీఎంలోనే డబ్బు తీసుకుని, 20, 50, 100 పెసోల చిల్లరగా మార్చి పెట్టుకోండి, ఎందుకంటే పొద్దున్నే 500 నోటు చాపితే "నో తెంగో కాంబియో", చిల్లర లేదు, అంటారు, నిజంగానే ఉండదు కూడా. కార్డు తీసుకునే చోట మెషీన్ డాలర్లలో కట్టాలా, పెసోల్లో కట్టాలా అని అడిగితే పెసోలే నొక్కండి, డాలర్లు నొక్కితే మారకం రేటులో నష్టపోతారు.

నోరు తెరవగానే వెల అడగొద్దు

కొట్టు ముందు ఆగగానే పలకరించాలి. పొద్దున అయితే బ్వేనోస్ దీయాస్, మధ్యాహ్నం తర్వాత బ్వేనాస్ తార్దెస్. పలకరించకుండా వస్తువు తీసి తిప్పి చూడటం అక్కడ మర్యాద కాదు. ఊరికే చూస్తున్నానని చెప్పాలంటే సోలో ఎస్తోయ్ మిరాందో. ఆ తర్వాత అసలు ప్రశ్న, "లో ఇసో ఉస్తెద్?", అంటే ఇది మీరే చేశారా? "దె దోందె ఎస్?", ఇది ఎక్కడిది? చేసినవాళ్ళయితే మొహం వెలుగుతుంది, ఎలా చేశారో చేతులతో చూపించడం మొదలుపెడతారు. భాష రాకపోయినా అర్థమవుతుంది. అమ్మే మనిషి మాత్రమే అయితే ఊరి పేరు చెప్తారు, అదీ మంచిదే, అసలు ఊరి పేరు కూడా చెప్పలేకపోతే ఆ వస్తువు ఏ ఫ్యాక్టరీదో ఏమో, దండం పెట్టి ముందుకు కదలండి. వాహాకా సంతల్లో చాలామంది పెద్దవాళ్ళకు అక్కడి ఆదివాసుల భాష సాపోతెక్ మాతృభాష, స్పానిష్ రెండో భాష, అందుకని మీ వచ్చీరాని స్పానిష్ గురించి ఎక్కువ మొహమాటపడనక్కర్లేదు.

ఫోటో తీసే ముందు "ప్వెదో తొమార్ ఉనా ఫోతో?" అని తప్పకుండా అడగండి. మనుషులకే కాదు, డిజైన్లకు కూడా. ఊళ్ళ డిజైన్లను పెద్ద పెద్ద ఫ్యాషన్ కంపెనీలు అడక్కుండా ఎత్తుకుపోయిన గొడవలు అక్కడ చాలా జరిగాయి, చివరికి 2022లో ఆదివాసీ సమాజాల సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడటానికి ఒక ప్రత్యేక చట్టమే తెచ్చుకున్నారు. వద్దంటే వద్దనే.

ఏ వస్తువును ఎలా చూడాలి

కంబళితో మొదలుపెడతాను, నాకు అదంటే ఎక్కువ ఇష్టం. తెయోతిత్లాన్‌లో ఇళ్ళే మగ్గాల షెడ్లు. గొర్రెలు, కాళ్ళతో తొక్కే మగ్గం 16వ శతాబ్దంలో స్పానిష్ వాళ్ళతో వచ్చాయి, నేత మాత్రం అంతకు ముందు నుంచే సాపోతెక్కుల చేతిలో ఉంది. దగ్గర్లోని మిత్లా శిథిలాల గోడల మీద రాళ్ళతో పేర్చిన మెట్ల డిజైన్లు ఉంటాయి, వాటినే ఈ కంబళ్ళ మీద చూస్తారు. కంబళిని తిరగేసి చూడండి, చేనేత అయితే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచు కుచ్చులు విడిగా కుట్టినవి కాకుండా పడుగు దారాలే అయి ఉంటాయి. అసలు ఉన్నేనా అని అనుమానం ఉంటే ఒక పోగు కాల్చి చూపించమని వాళ్ళనే అడగండి, ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది, యాక్రిలిక్ అయితే కరిగి ముద్ద కడుతుంది.

రంగుల దగ్గర కాసేపు కూర్చోండి. ఎర్ర రంగు కోచినీల్ అనే చిన్న పురుగు నుంచి వస్తుంది, అది నాగజెముడు మట్టల మీద తెల్లటి బూజులా పట్టి బతుకుతుంది. ఎండబెట్టిన పురుగును అరచేతిలో నలిపితే ముదురు ఎరుపు, దాని మీద నిమ్మరసం పిండితే నారింజ, వంట సోడా లాంటిది కలిపితే ఊదా. మీ కళ్ళ ముందే చేసి చూపిస్తారు. స్పానిష్ పాలనలో వెండి తర్వాత ఇక్కడి నుంచి యూరప్‌కు వెళ్ళిన అత్యంత విలువైన సరుకు ఈ పురుగే. నీలం మాత్రం మనకు తెలిసిన నీలిమందే. అయితే "అన్నీ ప్రకృతి రంగులే" అని చెప్పే ప్రతి కొట్టునూ నమ్మక్కర్లేదు. కెమికల్ రంగు వాడటం తప్పేమీ కాదు, దానికి ప్రకృతి రంగు ధర కట్టకుండా ఉంటే చాలు.

రెబోసో అనే పొడవాటి శాలువా కనిపిస్తే పోచంపల్లి చీర కట్టినవాళ్ళు, నేసినవాళ్ళు తప్పకుండా ఆగిపోతారు. నూలును ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు, అంటే మన ఇక్కత్ పద్ధతే. సాన్ లూయిస్ పొతోసీ రాష్ట్రంలోని సాంతా మరియా దెల్ రియో ఊరి రెబోసోలు దీనికి పేరున్నవి. డిజైన్ అంచుల్లో రంగు కొంచెం పాకినట్టు మసగ్గా ఉంటే కట్టి అద్దినది, గీత గీసినట్టు పదునుగా ఉంటే ప్రింటు కావచ్చు.

మట్టి పాత్రల దగ్గరికి వచ్చేసరికి దయచేసి జాగ్రత్తగా చదవండి. మెరిసే పూత వేసిన సంప్రదాయ మెక్సికన్ మట్టి పాత్రల్లో చాలావాటికి సీసం కలిపిన పూత వాడతారు, తక్కువ వేడిలో కాలుస్తారు కాబట్టి ఆ సీసం పూర్తిగా గట్టిపడదు. పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. మన వంటలో చింతపండు, టమాటా, నిమ్మకాయ లేని రోజు ఏది? తెలిసినవాళ్ళ ఇంట్లో అలాంటి ఆకుపచ్చ గిన్నెలో ఆవకాయ వేసుకుని డైనింగ్ టేబుల్ మీద పెట్టుకోవడం చూసి నాకు గుండె ఆగినంత పనైంది, చిన్నపిల్లలున్న ఇల్లు అది. కాబట్టి తినడానికి, వండడానికి అయితే "సిన్ ప్లోమో", అంటే సీసం లేనిది, అని పాత్ర మీద ముద్ర ఉన్నదీ, నమ్మకమైన వర్క్‌షాప్ నుంచి వచ్చిందీ మాత్రమే కొనండి. మిగతావి గోడకో షెల్ఫుకో అందంగా ఉంటాయి, అక్కడే ఉంచండి.

నల్ల మట్టిది వేరే కథ. అక్కడి మట్టి మామూలుగా బూడిద రంగులో ఉంటుంది. 1950ల్లో సాన్ బార్తోలోకు చెందిన దోన్యా రోసా అనే కుమ్మరి, ఆరుతున్న కుండను కాల్చే ముందే రాయితో నున్నగా రుద్దితే కాలాక నల్లగా మెరుస్తుందని కనిపెట్టింది, ఊరి బతుకే మారిపోయింది. అందులో పూత ఏమీ ఉండదు. కానీ మెరిసే రకం అలంకారానికే, నీళ్ళు పోస్తే బయటికి ఊరతాయి.

కొయ్యతో చెక్కి చుక్కలు చుక్కలుగా రంగులు వేసిన వింత జంతువులు అలెబ్రిహేలు. ఈ పేరు మెక్సికో సిటీలో కాగితపు గుజ్జుతో బొమ్మలు చేసిన పేద్రో లినారెస్ నుంచి వచ్చింది, 1936లో జ్వరంలో పడి ఉండగా కలలో అలాంటి జీవాలు కనిపించాయని ఆయన చెప్పేవాడు. వాహాకాలో కోపాల్ చెక్కతో చేస్తారు, అర్రాసోలా ఊళ్ళో మనువేల్ హిమేనెస్ ఆ చెక్కడానికి పేరు తెచ్చాడు. మన కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి ఎలాగో వీళ్ళకు కోపాల్ అలా, తేలిక, మెత్తన. చెక్క బాగా ఆరిందా అని అడగండి, పగుళ్ళు, సన్నటి పురుగు రంధ్రాలు ఉన్నాయేమో కింద వైపు చూడండి, చేసినవాళ్ళ సంతకం కూడా అక్కడే ఉంటుంది.

వెండి కొంటే 925 ముద్ర (నూటికి 92.5 పాళ్ళు వెండి అని) చూడాలి, అల్పాకా అంటే వెండిలా కనిపించే మిశ్రమ లోహం, అందులో వెండి ఉండదు. విచోల్ ఆదివాసులు చేసే పూసల బొమ్మల్ని మైనం మీద అతికిస్తారు కాబట్టి ఎండలో, వేడెక్కిన కారులో వదలకండి. తలవేరా పింగాణీ అయితే ప్వెబ్లా ప్రాంతపు గుర్తింపు పొందిన వర్క్‌షాప్ ముద్ర అడుగున ఉండాలి, లేదంటే అది ఆ స్టైల్లో చేసిన మామూలు పింగాణీ.

బేరం

మనకు సగానికి అడగడం అలవాటు. ఇక్కడ మానుకోండి, ముఖ్యంగా చేసిన మనిషే ఎదురుగా కూర్చున్నప్పుడు. మంచి కంబళికి వారాలు పడుతుంది, పెద్దదైతే నెలలు, మీరు సగం తగ్గించమంటే వాళ్ళకు కూలి కూడా మిగలదు. రెండు మూడు వస్తువులు తీసుకుంటూ "కొంచెం చూసి చెప్పండి" అన్నట్టు అడిగితే తప్పులేదు, చాలామంది వాళ్ళే తగ్గిస్తారు. ఇంకో మాట, మన బోణీ లాంటిది అక్కడా ఉంది! పొద్దున మొదటి అమ్మకం డబ్బు చేతిలో పడగానే దానితో శిలువ గుర్తు వేసుకుంటారు. కొనే ఉద్దేశం లేకుండా బోణీ వేళ గంటసేపు బేరమాడి వెళ్ళిపోతే మన చిరు వ్యాపారికి ఎంత బాధో వాళ్ళకూ అంతే.

కొనకూడనివి, తినేవి, మోసుకొచ్చేవి

"తవ్వకాల్లో దొరికింది, అసలైన పురాతన బొమ్మ" అని ఎవరైనా చాటుగా చూపిస్తే వెంటనే అక్కడి నుంచి కదలండి. 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు దేశం సొత్తు, బయటికి తీసుకెళ్ళడం నేరం. తాబేలు చిప్ప, పగడపు దిబ్బ ముక్కలతో చేసినవీ ముట్టుకోవద్దు.

ఆకలేస్తే సంతలోనే తినండి. శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఉడికించిన చిక్కుడు గింజల ముద్దలో తరచుగా పంది కొవ్వు వేస్తారు, "సిన్ మాంతేకా?" అని అడగాలి. గంపల్లో ఎర్రగా కనిపించేవి కారం, నిమ్మరసం పట్టించి వేయించిన మిడతలు.

కుండల్ని పాత బట్టల్లో చుట్టి, లోపల కూడా కాగితం కూరి, చేతి సంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్‌లో వేయకండి. కంబళిని మడత పెట్టకుండా చుట్టండి. చెక్క వస్తువులు, ఉన్ని కస్టమ్స్ దగ్గర దాచకుండా చెప్పేయండి. ఇంటికి చేరాక చెక్క బొమ్మను కవర్లో పెట్టి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే లోపల పురుగు ఏదైనా ఉంటే చస్తుంది. కొన్నప్పుడు చేసినవాళ్ళ పేరు, ఊరు, ఏ రోజు సంతో ఒక చీటీ మీద రాసి ఆ బొమ్మ అడుగున అతికించి పెట్టుకోండి, నాలుగేళ్ళ తర్వాత ఎవరైనా "ఇది ఎక్కడిది?" అని అడిగితే వెతుక్కోనక్కర్లేదు.