కప్పు ఖాళీ అయ్యేలోపు నెట్ చూడటం ఎలా

ఫోన్ పక్కన పెట్టి ప్రశాంతంగా టీ తాగండి అనే సలహాలు బోలెడున్నాయి. చదవడానికి బాగుంటాయి గానీ పాటించేవాళ్లు మాత్రం ఎక్కడా కనపడరు, కప్పు ఒక చేతిలోకి రాగానే రెండో చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోతుంది. అందుకే ఆ రెంటినీ విడదీసే గొడవ వదిలేసి, కప్పునే నెట్‌కి కొలతగా పెట్టుకోమంటాను నేను. కప్పులో ఉన్నంతసేపే చూడటం, అయిపోగానే రెండూ కింద పెట్టేయడం. కప్పు ఎలాగూ అయిపోతుంది, ఫీడ్ అయిపోదు కదా.

ఒకప్పుడు వెబ్ పేజీలు కూడా అయిపోయేవి. అడుగున 1, 2, 3 అని అంకెలు ఉండేవి, తర్వాతి పేజీకి వెళ్లాలంటే మనమే నొక్కాలి, నొక్కేముందు అర క్షణమైనా "ఇంకా అవసరమా" అనిపించేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ నొక్కే పని లేకుండా, కిందికి జరిపేకొద్దీ కొత్తవి వచ్చి చేరే పద్ధతి తయారుచేశాడు, అది ఇలా వాడుకలోకి వచ్చినందుకు బాధపడుతున్నానని తర్వాత తనే బయటికి చెప్పాడు కూడా. ఆయన బాధ సరే, మనకు పోయిన ఆ అర క్షణాన్ని కప్పు తెచ్చిపెడుతుంది.

కప్పు చిన్నది తీసుకోండి. లీటరు ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, తాగేకొద్దీ పోసుకుంటూ కూర్చుంటే ఇంక కొలతేముంది? అలాగే ఎప్పుడూ వేడిగా ఉంచే కరెంటు ప్లేట్ల మీద కప్పు పెట్టొద్దు, చల్లారిపోవడం మనకు కావాల్సిన విషయం, ఎందుకో చెప్తాను.

పోసుకున్న వెంటనే తాగొద్దు. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో తాగే పానీయాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది, అక్కడ తప్పు టీదో కాఫీదో కాదు, వేడిది. కాబట్టి ఆ మొదటి నాలుగైదు నిమిషాలు పనికొచ్చే పనులకు పెట్టండి: జవాబు ఇవ్వాల్సిన మెసేజ్, కట్టాల్సిన బిల్లు, వెతకాల్సిన అడ్రసు. మొదటి గుక్క దగ్గర్నుంచి కాలక్షేపం మొదలు.

ఇక్కడే అసలు తమాషా. ఏ సైటు చూస్తూ తాగితే కప్పు ఏమవుతుందో కొన్నాళ్లు గమనించండి, సైటు గుణం తెలిసిపోతుంది. పొడుగాటి వ్యాసం చదువుతుంటే గుక్క గుక్కకీ మధ్య సమంగా ఆగుతాం, రెండూ దాదాపు ఒకేసారి ముగుస్తాయి. చిన్న వీడియోలు వరసగా చూస్తుంటే కప్పు ఎప్పుడు ఖాళీ అయిందో కూడా తెలీదు, చక్కెర ఎక్కువైందా తక్కువైందా అని అడిగితే చెప్పలేం. కామెంట్లలో ఎవరితోనో వాదన పెట్టుకుంటే మాత్రం సగం కప్పు మీద మీగడ కట్టి ఉంటుంది, చెయ్యి కప్పు దగ్గరికి పోదు, పళ్లు మాత్రం బిగుసుకుని ఉంటాయి. నా లెక్కలో టీ చల్లారబెట్టే సైటు పనికిరాని సైటు. దాన్ని ఫోన్ మొదటి స్క్రీన్ మీంచి తీసేయండి, డిలీట్ చేయనక్కర్లేదు, వెతుక్కుని తెరవాల్సి వస్తే చాలు, సగం సార్లు తెరవరు.

ఏం చూడాలో ముందే అనుకుని కూర్చోవడం ఇంకా మేలు. యాప్ తెరిచి "ఏముందో చూద్దాం" అంటే అక్కడ ఉన్నదంతా వాళ్లు వడ్డించేదే. బదులుగా పగలు కనపడిన మంచి వ్యాసాలను బ్రౌజర్‌లో బుక్‌మార్క్ ఫోల్డర్ ఒకటి పెట్టి అందులో వేసుకోండి, కప్పుకి ఒకటి చదవండి. ఈ రోజుల్లో పేజీ తెరిస్తే ముందు కుకీల పెట్టె, తర్వాత మా న్యూస్‌లెటర్ తీసుకోండి అనే పెట్టె, ఆపైన నోటిఫికేషన్లు పంపమంటారా అనే పెట్టె, ఇవన్నీ మూసేసరికి రెండు గుక్కలు అయిపోతాయి. సఫారీలో, ఫైర్‌ఫాక్స్‌లో రీడర్ వ్యూ ఉంటుంది, అది నొక్కితే అక్షరాలు, బొమ్మలు తప్ప మిగతావన్నీ చాలావరకు పోతాయి. యూట్యూబ్ చూసేవాళ్లు ఆటోప్లే ఆపేయండి, ఒక వీడియో అయ్యాక అదే ఆగుతుంది.

కప్పు అయిపోయాక ఇంకోటి కావాలనిపిస్తుంది, తప్పదు. దానికి నియమం ఒక్కటే, లేచి వెళ్లి కలుపుకోవాలి, ఫోన్ కూర్చున్న చోటే వదిలి వెళ్లాలి. ఈ లేవడం తప్పించుకోవడానికి మనుషులు ఎంత దూరం పోయారంటే, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ లాబొరేటరీలో 1991లో కాఫీ పాత్రకి ఎదురుగా కెమెరా బిగించారు, తీరా అక్కడిదాకా నడిచి వెళ్తే పాత్ర ఖాళీగా ఉంటోందని. 1993లో ఆ బొమ్మ వెబ్‌లోకి ఎక్కింది, ప్రపంచంలో మొదటి వెబ్‌క్యామ్ అదేనంటారు, 2001లో ఆపేసేదాకా ఎక్కడెక్కడివాళ్లో ఆ కాఫీ పాత్రను చూస్తూ కూర్చున్నారు. తాగడానికి కాదు, ఊరికే. 1998 ఏప్రిల్ 1న కాఫీ కాచే యంత్రాలను ఇంటర్నెట్ ద్వారా నడిపే నియమావళి అని ఒక ఉత్తుత్తి పత్రం కూడా విడుదల చేశారు, అందులో టీ పాత్రను కాఫీ పెట్టమంటే "నేను టీ పాత్రని" అంటూ 418 నంబరు ఎర్రర్ ఇవ్వాలని రాశారు. ఆ నంబరు ఇప్పటికీ ప్రోగ్రామర్లకు సరదానే. మనం మాత్రం లేచి వెళ్దాం, ఆ నాలుగడుగుల్లోనే ఇంకో కప్పు నిజంగా కావాలో లేదో తేలిపోతుంది.

ఏ వేళకి ఏం తాగాలన్నది కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. మెదడులో నిద్రమత్తు తెచ్చే అడినోసిన్ అనే పదార్థం పనిచేయకుండా టీ, కాఫీల్లో ఉండే కెఫీన్ అడ్డుపడుతుంది, తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. 240 మిల్లీలీటర్ల కాఫీలో దాదాపు 95 మిల్లీగ్రాములు, అంతే టీలో దాదాపు సగం ఉంటుంది. సాయంత్రం 6కి ఆ కాఫీ తాగితే రాత్రి 11కి ఒక కప్పు టీ తాగినంత కెఫీన్ ఇంకా లోపలే తిరుగుతోందన్నమాట. నిద్ర రాదు, రాలేదు కాబట్టి ఫోన్ తీస్తాం, పొద్దున లేచి తప్పంతా ఫోన్ మీద వేస్తాం. ఫోన్‌ని వెనకేసుకు రావడం లేదు గానీ కాఫీకి కూడా వాటా ఉంది. మధ్యాహ్నం దాటాక కొలత కోసమే కప్పు కావాలంటే వేడి నీళ్లో, పాలో పోసుకోండి, కెఫీన్ తీసేసిన కాఫీ అయినా పర్లేదు, అందులోనూ కొంచెం మిగిలే ఉంటుంది అనుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద 400 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదంటారు, గర్భిణులకు 200. రోజుకి 8 గ్లాసుల నీళ్లు తాగాల్సిందేనని నెట్ నిండా ఉండే లెక్కకి మాత్రం గట్టి ఆధారం లేదు, దాహం వేస్తే తాగండి.

కప్పు ఎప్పుడూ మౌస్ లేని వైపు పెట్టుకోండి. ల్యాప్‌టాప్ మీద ఒలికితే ముందు ఛార్జర్ పీకి, ఆపేసి, బోర్లించి ఆరనివ్వండి, పాలు చక్కెర ఉన్నవి ఒలికితే ఆరినా జిగురు మిగులుతుంది కాబట్టి రిపేరువాళ్లకి చూపించడమే మేలు. తడిసిన ఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ కంపెనీయే చెప్తోంది.

కప్పు స్థానంలో గ్లాసు వచ్చే రాత్రులకి ఈ పద్ధతి పనిచేయదు. రెండు పెగ్గుల తర్వాత గ్లాసు అడుగు కనపడితే ఆగాలనిపించదు, పైగా పాత స్నేహితుడికి మెసేజ్, ఆఫీసులో పైవాడికి నాలుగు ముక్కలు, కార్టులో ఎప్పట్నుంచో ఉన్న వస్తువు, అన్నీ ఆ వేళకే గుర్తొస్తాయి. 2008లో జీమెయిల్ మెయిల్ గాగుల్స్ అని ఒకటి పెట్టింది, వారాంతం రాత్రుళ్లు మెయిల్ పంపాలంటే ముందు చిన్న చిన్న లెక్కలు చేసి చూపించాలి. మంచి ఆలోచన, ఇప్పుడు లేదు. మిగిలింది పంపిన మెయిల్ వెనక్కి తీసుకునే అన్‌డూ సెండ్, అది మామూలుగా 5 సెకన్లే ఉంటుంది, ఈ రాత్రే కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 30 సెకన్లు చేసిపెట్టుకోండి. షాపింగ్ సైట్లలో దాచిపెట్టిన కార్డు వివరాలు తీసేయండి, మత్తులో కార్డు వెతికి 16 అంకెలు సరిగ్గా కొట్టడం అందరివల్లా కాదు. మందు ముట్టనివాళ్లు కూడా ఈ రెండూ చేసుకోవచ్చు, అర్ధరాత్రి కోపంలో రాసే మెయిల్‌కీ ఆ 30 సెకన్లు పనికొస్తాయి.