ఫైబర్ రాని ఇంటికి ఇంటర్నెట్ ఎంచుకునే ముందు

ఫైబర్ లైను లేని చోట 4జీ, 5జీ రౌటర్ కొనాలనుకునేవారు, ముందుగా తమ ఫోన్‌లోనే రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య, అంటే చుట్టుపక్కల అందరూ వీడియోలు చూసే వేళలో, ప్రతి కిటికీ దగ్గరా వేగాన్ని కొలిచి చూడటం మంచిది. మధ్యాహ్నపు అంకెలు చూసి మురిసిపోకూడదు. నడిమి గదిలో కొన ఊపిరితో ఉన్న సిగ్నల్, టవర్ వైపు కిటికీ గట్టు మీద నిండుగా ఉండవచ్చు; రౌటర్ చోటు అదే. పాత టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ అయితే, ఎక్స్ఛేంజ్ దూరమయ్యే కొద్దీ వేగం తగ్గుతుంది కనుక, ప్రకటనను నమ్మకుండా పక్కింటివారిని అడగండి. ఇక ఉపగ్రహమే గతి అయితే, దాని ఎత్తు తెలుసుకోండి: సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునుండే భూస్థిర ఉపగ్రహమైతే (భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించేది), సంకేతం వెళ్లి జవాబు రావడానికే దాదాపు అర సెకను పట్టి, వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఒకరి మాట పడుతూనే ఉంటుంది.