డయాలసిస్ సెంటర్‌కి ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే ముందు ఇవి చూస్కోండి

గోడలకి రంగులు తర్వాత వేయించుకోవచ్చు.

ఆర్‌ఓ నీళ్లే (డయాలసిస్‌కి వాడే శుద్ధి చేసిన నీళ్లు) ఫస్ట్. క్లోరిన్ తీసేసే కార్బన్ ట్యాంక్ తర్వాత టోటల్ క్లోరిన్ ప్రతి షిఫ్ట్ ముందు చూడాలి, లీటర్‌కి 0.1 మిల్లీగ్రాం దాటకూడదు, ఎందుకంటే క్లోరమైన్ (నీళ్లలో ఉండే ఒక రకం క్లోరిన్) రక్తంలోకెళ్తే ఎర్రకణాలు పగిలిపోతాయి, అదీ ఒక్కరికి కాదు ఆ టైంలో మిషన్ మీదున్న అందరికీ. నీళ్ల కల్చర్ రిపోర్ట్‌లో బాక్టీరియా ఎంఎల్‌కి 100 లోపు, ఎండోటాక్సిన్ (బాక్టీరియా నుంచి వచ్చే విషం) ఎంఎల్‌కి 0.25 యూనిట్ల లోపు ఉండాలి. బాక్టీరియా 50 దాటినప్పుడే ఏం చేశారో కూడా రాసి ఉండాలి, చాలా చోట్ల రిపోర్ట్ ఫైల్‌లో పెట్టేసి వదిలేస్తారు.

హెపటైటిస్ బి పాజిటివ్ వాళ్లకి మిషన్ వేరే, వాళ్ల డయలైజర్ (రక్తాన్ని వడగట్టే ఫిల్టర్) రీయూజ్ అస్సలు వద్దు. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా వారం పైనే బతుకుతుంది.

రీయూజ్ చేసే డయలైజర్ల మీద పేషెంట్ పేరు, ఎన్నోసారి వాడుతున్నారో ఉందా? లోపలి గొట్టాల్లో పట్టే వాల్యూమ్ మొదటిదాంట్లో 80 శాతం కన్నా తగ్గితే పడేయాల్సిందే, డయాలసిస్ సరిగ్గా అవ్వదు.

బయోమెడికల్ వేస్ట్ 48 గంటలు దాటి ఉంచొద్దు, 2016 రూల్స్‌లో ఉంది.

ఎమర్జెన్సీ ట్రాలీలో ఎక్స్‌పైరీ డేట్లు, డీఫిబ్రిలేటర్ (గుండెకి షాక్ ఇచ్చే మిషన్) ఛార్జింగ్ చూడండి.

లాగ్‌బుక్ ఖాళీలు ఇప్పుడు కూర్చుని ఒకే పెన్నుతో నింపకండి ప్లీజ్, చూడగానే తెలిసిపోతుంది, ఇక మిగతా రికార్డులు కూడా నమ్మరు. ప్రశ్నలు మేనేజర్‌ని కాదు టెక్నీషియన్‌నీ సిస్టర్‌నీ అడుగుతారు, నీళ్ల రీడింగ్ తేడా వస్తే ఏం చేస్తావ్ అని ఈరోజే అడిగి చూడండి.